నాలుగో మీట

త్లాహియాకో బస్సు టాపు మీద, కోళ్ల గంపల మధ్య
కొత్త ఆంప్లిఫయర్ వచ్చింది.
నూట ఇరవై వాట్లు. అట్టపెట్టె మీద వాన మరక.
సంతకం పెట్టమన్నారు, పెట్టాను.
పాతదీ దోన్ ఎర్మీలో ఒకే వారంలో ఆగిపోయారు,
ఏది ముందో నాకు గుర్తు లేదు.

ముప్పై ఏళ్లు ఈ గదిలోంచే ఆయన
సాన్ ఫెలిసియానో కొండవాలంతటికీ కబురు చెప్పాడు,
మిష్తెక్‌లో ఒకసారి, స్పానిష్‌లో ఒకసారి:
సెనోబియో ఇంట్లో పందిని కోశారు,
రేపు నీళ్లు పై వీధికి,
ఎవరిదో గాడిద బడి వెనక మొక్కజొన్నలో పడింది.

ఆయన నోటుబుక్కు నా ఒళ్లో.
"హారన్లు ఎనిమిది, ఒక్కోటి పది వాట్లు. ఎనభై.
నూట ఇరవైలో ఎనభై పోను మిగిలింది ఊపిరికి వదులు."
"మన తీగ పొడుగు. నాలుగు ఓములన్న చోట వేలు పెట్టకు,
వంద వోల్టుల మర వెతుక్కో."
"ఎర్రది ఎర్రదానికే. ఒక్క హారన్ తిరగబడిందా,
రెంటి నడుమ నిలబడ్డవాడికి మాట పలచబడిపోతుంది."
"కరెంటు ఇచ్చేముందు నాబ్‌లన్నీ సున్నాకి తిప్పు.
నిద్రలేచినవాడి చెవిలో ఎవరైనా అరుస్తారా?"

తీగ ఒలిచాను, మెలిపెట్టాను, బిగించాను.
రాగి పోగొకటి బొటనవేల్లో దిగింది.
మైకు ఒకటో గూట్లో. ఆ గూటికి పెద్దరికం ఎక్కువ,
నోరు తెరిస్తే చాలు,
పెద్దలు రాగానే అరుగు దిగే కుర్రాడిలా
పాట తనంతట తాను పక్కకి తప్పుకుంటుంది.

కొంచెం తిప్పాను. ఇంకొంచెం.
ఊరంతా కీచుమంది. కుక్కలు లేచాయి.
తన గొంతు తనకే వినపడి,
దాన్నే మళ్లీ మింగి, మళ్లీ కక్కి, ఆగలేని అరుపు.
కిటికీ మూశాను. ట్రెబుల్ దించాను.
ఎవరో వీధిలోంచి "బతికే ఉన్నావా" అన్నారు.

ఇక మీటలు. నాలుగు వరుసలకి నాలుగు.
ఒకటి చర్చి వైపు, రెండు సంత, మూడు పై వీధి.
పాత పెట్టె మీద నాలుగోదానికి
పుండుకి వేసే ప్లాస్టరు ముక్క, అంచులు నల్లబడి,
దాని మీద ఆయన రాత: వద్దు.
కారణం నోటుబుక్కులో లేదు.

హారన్ చెడిందేమోనని నిచ్చెన భుజాన వేసుకుని
వాగు పక్క స్తంభం దాకా వెళ్లాను.
హారన్‌కేం కాలేదు. లోపల పిట్ట గూడు.
కింద గుమ్మంలో తోమాసా తాటాకు టోపీ అల్లుతూ
తలెత్తకుండానే చెప్పింది:
"వాగు పొంగిన ఏడు, దొరికినవాళ్ల పేర్లు దాంట్లోనే చదివారు.
మావాడిది ఏడోది.
ఆ సాయంత్రం ఎర్మీలో వచ్చి, ఇక ఇది మాట్లాడదు అన్నాడు."
"మరి నీళ్లొచ్చే రోజు?"
"వచ్చి చెప్పేవాడు. పదకొండేళ్లు.
మోకాలు బాగుండేది కాదు పాపం."

ఊరి నోటికి మూకుడు లేదంటారు.
ఉంది. గోరంత మీట.
మూత పెట్టినవాడు రోజూ నడవాలి, అంతే.

కొత్తదానికి తీగ నాలుగూ బిగించాను.
పాత ప్లాస్టరు ఊడదీస్తే జిగురు చచ్చింది,
ఇంకోటి అంటించి అదే మాట రాశాను.
మర్నాడు చిమ్మచీకట్లో వాగుదాకా నడిచి
నీళ్లు ఇవాళే అని చెప్పొచ్చాను. చెప్పు తెగింది.

శనివారం తోమాసా మెట్లెక్కి వచ్చింది.
ఐదు పెసోల బిళ్ల బల్ల మీద పెట్టి,
"నా టర్కీ కోడి తప్పిపోయింది. ఎడమ కాలికి నీలం గుడ్డ."
చెప్పాను. రెండు భాషల్లో, మూడు వరుసల్లో.
బయట మూడు దిక్కుల నుంచీ ఆమె పేరు తిరిగొచ్చింది,
ఒకదాని వెనక ఒకటి, కొండకి తగిలి.
కొంగు సవరించుకోవడం ఆపి వింది.

"బొంగురుగా ఉంది," అంది. "కాస్త తగ్గించు."
తగ్గించాను.